కాలక్షేపపు ఆటలు - వాని విపణి



నేటి ప్రసంగమునకు నన్ను పురికొల్పినది గ్రంథము కాదు, ఒక శిష్యుని లెక్క. గత వేసవిలో ఒకనాటి సాయంకాలము, పూర్వము నాయొద్ద తెలుగు చదువుకొన్న యువకుడొకడు తన తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. అతడు నగరమున ఒక కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. ఆ ఉద్యోగమును వదలి, తండ్రి విడిచిపోయిన ఎకరము పొలమును తాకట్టుపెట్టి, చేతిఫోనులో ఆడుకొను ఆట నొకదానిని తయారు చేయవలెనని అతని సంకల్పము. తల్లికి అది యిష్టము లేదు. "మాస్టారూ, వాడు మీ మాట వింటాడు, మీరైనా చెప్పండి" అని ఆమె ప్రార్థించెను. "ముందు నా లెక్క వినండి మాస్టారూ, తరువాత చెప్పండి" అని అతడనెను. అతని లెక్క యిది: "పేరు మోసిన ఆటలను కోట్లమంది దింపుకొంటున్నారు. నా ఆటను ఒక్క కోటిమంది దింపుకొన్నా, తలకొక రూపాయి వచ్చినా, కోటి రూపాయలు గదా!"

నేను తెలుగు పండితుడను, లెక్కల ఉపాధ్యాయుడను కాను. వినుటకు ఆ లెక్కలో తప్పు కనబడలేదు. అయినను ఒక విధవరాలి పొలము తాకట్టునకు పోవుచున్నప్పుడు నోటికి వచ్చిన మాట చెప్పరాదు. పది దినములు గడువడిగితిని. ఆ పది దినములలో చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించినదానిని ఇప్పుడు మీకు విన్నవించెదను. ఇట్టి ప్రశ్న మీ యిండ్లలోను పుట్టియుండవచ్చును.

మొదట కాలక్షేపపు ఆట యననేమో చెప్పవలెను. నేర్చుటకు నిమిషము పట్టనిది, ఒక్క వ్రేలితో ఆడదగినది, బస్సు వచ్చులోపల ముగియునది కాలక్షేపపు ఆట. రంగురంగుల మిఠాయిబిళ్లలను మూడేసి చొప్పున వరుసకు తెచ్చుట, పిట్టను ఉండేలులో పెట్టి పందులపై విసరుట, రైలుపట్టాలమీద అడ్డములను తప్పించుకొని పరుగెత్తుట - ఇట్టివి. మన అష్టాచెమ్మా, వామనగుంటలు, వైకుంఠపాళి కూడ ఆ జాతివే. డబ్బు పందెము కట్టి ఆడునవి వేరు. అట్టి ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించెను. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసెను. వాని ప్రసక్తి నేడు మనకు లేదు.

ఇక ఈ విపణి పుట్టుక. ఆపిల్ సంస్థ 2007లో ఐఫోనును వెలువరించి, 2008 జులైలో దానికై యాప్ స్టోరు అను దుకాణమును తెరచెను. ఆనాడు అందలి సరకులు సుమారు 500 మాత్రమే. ఎవరైనను తాము చేసిన ఆటను అందుంచి అమ్ముకొనవచ్చును; వచ్చిన ధనములో నూటికి 30 దుకాణదారునికి, 70 ఆట చేసినవారికి. గూగుల్ సంస్థ దుకాణమునందును ఇట్టి పద్ధతియే నెలకొన్నది. 2021 నుండి చిన్న ఆదాయము గలవారికి ఈ దస్తూరిని 15కు తగ్గించిరి. న్యాయస్థానముల తీర్పులవలనను, చట్టములవలనను కొన్ని దేశములలో ఇంకను మార్పులు జరుగుచున్నవి.

2009 డిసెంబరులో ఫిన్లండు దేశమునందలి రోవియో సంస్థ యాంగ్రీ బర్డ్స్ అను ఆటను ఆ దుకాణములో పెట్టెను. అంతకు ముందు ఆ సంస్థ చేసిన ఆటలు 51. దివాలా అంచున నుండగా 52వది దానిని గట్టెక్కించెను. దాని వెల 99 సెంట్లు, అనగా ఒక డాలరుకు ఒక సెంటు తక్కువ. కొనినవాడు ముందుగా వెల చెల్లించును. తరువాత ఆడినను మానినను అమ్మినవానికి నష్టము లేదు. మా శిష్యుని తలకొక రూపాయి లెక్క సరిగా ఈ కాలమునాటిది. అప్పుడది ఒప్పే.

అయితే ఆ కాలము త్వరలోనే మారినది. 2009లోనే ఆపిల్ వారు ఆటలోపల చిల్లర వస్తువులను అమ్ముటకు అనుమతించిరి. ఆ సంవత్సరము అక్టోబరులో ఉచితముగా ఇచ్చు ఆటలకును ఆ సౌకర్యము కల్పించిరి. దానితో వ్యాపారమే తలక్రిందులయ్యెను. ఆటకు వెల పెట్టినవాని అంగడి ముందు మనుష్యులు నిలుచుట తగ్గి, తలుపులు తెరచి "ఉచితముగా రండు" అనినవాని అంగడి క్రిక్కిరిసెను. అప్పటినుండి కాలక్షేపపు ఆటల వర్తకుడు చాలవరకు ఆటను అమ్ముటలేదు. ఆటను ఊరక యిచ్చి, అందులోపల సహాయమును అమ్ముచున్నాడు. లేదా ఆడువాని చూపును ప్రకటనకర్తలకు అమ్ముచున్నాడు. ఈ మార్పుతో తలకొక రూపాయి లెక్కలో మూడు తప్పులు చొరబడినవి. వానిని ఒక్కొక్కటిగ చూతము.

మొదటి తప్పు: అన్ని తలలును రూపాయి ఇయ్యవు.

దీనికి మంచి నిదర్శనము క్యాండీ క్రష్ సాగా. స్టాక్‌హోములో 2003లో పుట్టిన కింగ్ అను సంస్థ దీనిని 2012 ఏప్రిలులో ఫేస్‌బుక్కులోను, ఆ సంవత్సరము చివర ఫోనులలోను ప్రవేశపెట్టెను. 2012లో ఆ సంస్థ ఆదాయము 16.4 కోట్ల డాలర్లు; మరుసటి సంవత్సరము 188 కోట్ల డాలర్లు. ఒక్క యేటిలో పదునొకండు రెట్లు! కాని ఆ ధన మిచ్చిన వారెందరు? 2013 చివర ఆ సంస్థ ఆటల నాడువారు నెలకు సుమారు 30 కోట్లమంది కాగా, పైకము చెల్లించినవారు సుమారు 1 కోటి 20 లక్షలమంది. నూటికి నలుగురు. తక్కిన తొంబదియారుగురు ఒక్క కాసైనను ఇయ్యలేదు.

ఆ నలుగురిచేత ఇప్పించు ఉపాయము వినదగినది. ఆడువానికి అయిదు ప్రాణములుండును. ఓడిన ప్రతిసారియు ఒకటి పోవును. పోయిన ప్రాణము తిరిగి వచ్చుటకు అరగంట ఆగవలెను. లేదా పైకము చెల్లించి వెంటనే పొందవచ్చును. గెలుపునకు రెండు ఎత్తుల దూరమున ఓడినప్పుడు, మరి అయిదు ఎత్తులు కొనుమని తెర అడుగును. అచట అమ్ముడగునది మిఠాయి కాదు, ఓర్పు. ఓర్పు గలవానికి ఆట ఉచితము; లేనివానికి వెల కలదు.

మా యింటి యిల్లాలు మధ్యాహ్నపు వేళ ఇట్టి ఆట నొకదానిని నాలుగేండ్లుగా ఆడుచున్నది. ప్రాణములు అయిపోగానే ఫోను ప్రక్కన పెట్టి, బియ్యము చెరుగుకొని, మరల అరగంటకు వచ్చును. ఇంతవరకు రూపాయి చెల్లించి యెరుగదు. నేను దాచనేల, ఒకనాటి రాత్రి ఒక ఆటలో గెలుపు చేతికందినట్లే అంది జారిపోగా, ఎనుబది తొమ్మిది రూపాయలు చెల్లించి మరల ఓడితిని. మరునాటి ఉదయము సిగ్గు పడితిని. మా యింటిలో ఇద్దరమే ఉన్నను, ఈ విపణి యంతయు మా యింటిలోనే ఉన్నది: ఆమె తొంబదియారుగురిలోనిది, నేను నలుగురిలోనివాడను.

రెండవ తప్పు: వచ్చిన తలలు నిలువవు.

2012 ఫిబ్రవరిలో న్యూయార్కునందలి ఓఎంజీపాప్ అను చిన్న సంస్థ డ్రా సమ్‌థింగ్ అను ఆటను వెలువరించెను. ఒకడు బొమ్మ గీయగా రెండవవాడు దాని పేరు ఊహించుట ఆ ఆట. 50 దినములలో 5 కోట్లమంది దింపుకొనిరి. ఆ వేగమును చూచి జింగా అను పెద్ద సంస్థ మార్చి నెలలోనే సుమారు 18 కోట్ల డాలర్ల కా సంస్థను కొనెను. కొనిన నెల తిరుగునప్పటికి నిత్యము ఆడువారిలో ఇంచుమించు మూడవవంతు జారిపోయిరి. ఆ సంవత్సరము అక్టోబరులో జింగావారు ఆ కొనుగోలు విలువలో 9 కోట్ల డాలర్లకు దరిదాపుగ మునిగినదని తమ ఖాతాలలో వ్రాసికొనవలసివచ్చెను. 2013 జూనులో ఓఎంజీపాప్ కార్యాలయమునే మూసివేసిరి. దింపుకొన్న 5 కోట్లమందియు అబద్ధము కాదు. కాని వారు జాతరకు వచ్చిన జనమేగాని కాపురమునకు వచ్చినవారు కారు.

అందుచేత ఈ వృత్తిలోనివారు దింపుకొన్న సంఖ్యను చూచి మురియరు. ఈనాడు వచ్చిన నూరుగురిలో మరునాడు ఎందరు తిరిగివచ్చిరి, ఏడవనాడు ఎందరు, ముప్పదవనాడు ఎందరు అని లెక్కింతురు. మరునాడు నలుబదిమంది, ఏడవనాడు ఇరువదిమంది, ముప్పదవనాడు పదిమంది మిగిలిన నది మంచి ఆట యని చాల కాలము ఒక మోటులెక్క వాడుకలో నుండెను. మంచి ఆటకే నెలకు తొంబదిమంది పోవుదురన్నమాట! దుకాణములలోని సరకుల పట్టికలలోను రెండు ముఖ్యమైనవి: ఎక్కువమంది దింపుకొన్నవాని పట్టిక యొకటి, ఎక్కువ ధనము గడించినవాని పట్టిక యొకటి. మొదటిదానిలోని పేర్లు వారమువారమునకు మారుచుండును. రెండవదానిలోని పేర్లు ఏండ్ల తరబడి కదలవు.

ఏల కదలవు? క్యాండీ క్రష్ సంగతియే మరల చూడుడు. 2014 మార్చిలో కింగ్ సంస్థ తన వాటాలను న్యూయార్కు విపణిలో 22 డాలర్ల 50 సెంట్లకు అమ్మినప్పుడు, తొలినాడే వెల 19 డాలర్లకు పడిపోయెను. ఆదాయములో నూటికి 78 పాళ్లు ఒక్క ఆటనుండియే వచ్చుచున్నది గాన, ఇదియు డ్రా సమ్‌థింగ్ వలె ఆరిపోవునని జనులు శంకించిరి. 2015 నవంబరులో యాక్టివిజన్ బ్లిజర్డ్ సంస్థ ఆ వాటాను 18 డాలర్ల చొప్పున, మొత్తము 590 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పుకొనెను. శంకించినవారి మాట తప్పినది. 2023 నాటికి ఆ ఆట పుట్టినది మొదలు గడించిన మొత్తము 2,000 కోట్ల డాలర్లు దాటినదని ఆ సంస్థ ప్రకటించెను. ఆ యేటి అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజర్డ్‌తో పాటు అదియు మైక్రోసాఫ్టు చేతిలోనికి పోయెను. దీని రహస్యము మాయ కాదు, సేద్యము. వారమువారము క్రొత్త మెట్లను చేర్చుచు, ఏ మెట్టువద్ద ఎందరు విసిగి వెళ్లిపోవుచున్నారో లెక్కించి సవరించుచు వచ్చిరి. ఆ మెట్లు నేడు పదివేలకు మించినవి. ఆట నొకసారి చేసి విడుచునది గ్రంథకర్త పని. ఈ ఆట నడపుట తోటమాలి పని. ఏటేట నీరు పెట్టవలసినదే.

సేద్యము సాగనిచోట ఏమగునో యాంగ్రీ బర్డ్స్ చెప్పును. రోవియో సంస్థ 2017 సెప్టెంబరులో హెల్సింకీ విపణిలో తన వాటాను 11 యూరోల 50 సెంట్లకు అమ్మెను. 2018 ఫిబ్రవరిలో ఆదాయము తగ్గవచ్చునని హెచ్చరించినంతనే, ఒక్క దినములో వాటా వెల ఇంచుమించు సగమయ్యెను. తుదకు 2023లో జపాను దేశపు సెగా సంస్థ వాటాకు 9 యూరోల 25 సెంట్ల చొప్పున, సుమారు 70.6 కోట్ల యూరోలకు దానిని కొనెను. ఆ పిట్టల పేరు ప్రపంచమంతటను ప్రాకినది. పేరు వ్యాపించినంత మాత్రమున ఆదాయము నిలువదు.

మూడవ తప్పు: తలలు ఊరక రావు.

2008లో 500 సరకులున్న దుకాణమున నేడు లక్షల సరకులు కలవు. అందు క్రొత్త ఆట నొకదాని నుంచుట తిరునాళ్లలో సూది జారవిడిచినట్లు. కావున ఆడువారిని ప్రకటనల ద్వారా కొని తెచ్చుకొనవలసివచ్చుచున్నది. 2021 ఏప్రిలులో ఆపిల్ వారు, ఆడువాని యనుమతి లేక అతని జాడలు తీయరాదని నియమము పెట్టిరి. జనుల గోప్యతకు అది మేలే. కాని ఎవరు పైకము చెల్లించు స్వభావము గలవారో వెదకి వారికే ప్రకటన చూపు మార్గము ఇరుకై, అట్టివారిని రాబట్టు ఖర్చు పెరిగెను. 2023 ఏప్రిలులో స్కోప్లీ సంస్థ వెలువరించిన మోనోపలీ గో తొలి పది నెలలలో 200 కోట్ల డాలర్లు గడించెను. మంచిదే, కాని ప్రకటనలకును ఆడువారిని రాబట్టుటకును ఇంచుమించు 50 కోట్ల డాలర్లు వెచ్చించితిమని ఆ సంస్థవారే 2024లో తెలిపిరి. మా శిష్యుని పొలము ఎకరము!

ఖర్చు లేకయే జనము వచ్చిన కథలు లేకపోలేదు. వియత్నాము దేశమున హనోయి నగరపు యువకుడు డాంగ్ న్యూయెన్ ఒంటరిగా చేసిన ఫ్లాపీ బర్డ్ 2013 మేలో వెలువడి, కొన్ని నెలలు ఎవరికిని పట్టక, 2014 జనవరిలో అకస్మాత్తుగ పట్టికల కెక్కెను. ప్రకటనల వలన దినమునకు 50,000 డాలర్లు వచ్చుచున్నదని వార్త. అదే ఫిబ్రవరిలో అతడు తానే దానిని దుకాణములనుండి తొలగించెను. జనులు దానికి వ్యసనపరులగుట చూడలేకపోయితినని చెప్పెను. ఇట్టివి వైకుంఠపాళిలో పెద్ద నిచ్చెనలు. ఉన్నమాట నిజమే, కాని పందెము పడకముందే నిచ్చెన మీద ఇల్లు కట్టుకొనరాదు.

ఈ మూడు తప్పులను దిద్ది మరల లెక్క వేసి చూతము. ఈ అంకెలు ఊహకు మాత్రమే. వేయిమందిని ప్రకటనల ద్వారా తలకు 15 రూపాయల ఖర్చుతో తెచ్చితిమనుకొందము, 15,000 వ్యయము. నూటికి నలుగురు చొప్పున 40 మంది, ఒక్కొక్కరు మొత్తము మీద 300 రూపాయలు చెల్లింతురు, 12,000. అందు దుకాణదారుని దస్తూరి 3,600 పోగా మిగులునది 8,400. తక్కిన 960 మంది ప్రకటనలు చూచుటవలన తలకు 2 రూపాయల చొప్పున 1,920. మొత్తము రాబడి 10,320. వేయిమందికి నష్టము 4,680 రూపాయలు. కోటిమంది వచ్చినచో? నష్టము 4 కోట్ల 68 లక్షలు! తలలు పెరిగినకొలది లాభము పెరుగునని మా శిష్యుడు తలచెను, నష్టమును పెరుగును. అదే ఆటలో ఆ నలుబదిమంది మరికొంతకాలము నిలిచి 500 చొప్పున చెల్లించి, తక్కినవారివలన 3 రూపాయల చొప్పున వచ్చినచో, దస్తూరి పోగా రాబడి 16,880. వేయికి 1,880 లాభము. ఇటునుండి అటు త్రిప్పినది తలల సంఖ్య కాదు; వారు నిలిచిన కాలము.

మన దేశపు సంగతి యొకటి చెప్పి ముగించెదను. ఆటలను దింపుకొనుటలో ఇటీవలి యేండ్లలో భారతదేశము ప్రపంచమున అగ్రస్థానమునకు వచ్చినది. ధనము మాత్రము అమెరికా, చైనా, జపానులనుండియే హెచ్చుగా వచ్చుచున్నది. మనవారిలో చెల్లించువారు తక్కువ గనుక, ఇచటి ఆటలకు ప్రకటనలే ముఖ్యాధారము. నవీ ముంబయి సంస్థ గేమేషన్ వారి లూడో కింగ్ 2016లో వెలువడినది. మన పచ్చీసు ఇంగ్లండునకు పోయి, 1896లో లూడో అను పేర అచట హక్కుపత్రము పొంది, మరల మన చేతిఫోనుల లోనికి వచ్చినది. 2020లో కరోనా దిగ్బంధమున కుటుంబములు వేర్వేరు ఊళ్లలో చిక్కుకొన్నప్పుడు అది ఎంతటి ప్రచారము పొందినదో మీరే చూచితిరి. దానికి నేర్పవలసిన పని లేకపోయెను. నియమములు మన అమ్మమ్మలు ముందే నేర్పియుండిరి. తెలిసిన ఆటకు జనము తక్కువ ఖర్చుతో వత్తురనుటకు ఇది నిదర్శనము.

క్రొత్తవారు గెలువరని నా యభిప్రాయము కాదు. ఇస్తాంబులులో 2019లో నెలకొన్న డ్రీమ్ గేమ్స్ వారి రాయల్ మ్యాచ్ 2021లో వెలువడి, పరిశీలకుల యంచనాల ప్రకారము 2023లో నెలవారీ రాబడియందు క్యాండీ క్రష్‌నే దాటెను. కాని వారు అంతకు ముందు పీక్ అను సంస్థలో ఇట్టి ఆటలనే చేసి, చేయి తిరిగినవారు. వెనుక పెద్ద పెట్టుబడి గలవారు. విద్య, ఓర్పు, ధనము మూడును ఉన్నచోట ఆ గెలుపు.

పదవనాడు మా శిష్యుడు వచ్చెను. ఇవి యన్నియు చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. "అయితే మానుకోమంటారా?" అనెను. "ఆట మానుకొమ్మని కాదు నాయనా, తాకట్టు మానుకొమ్మంటున్నాను. రాత్రులు కూర్చుండి చిన్నదిగా చేయుము. ముప్పదిమందికి ఊరక యిమ్ము. ఎందరు దింపుకొన్నారని అడుగకుము, ఎనిమిదవనాడు నీవు అడుగకయే ఎందరు ఆడుచున్నారో చూడుము" అంటిని.

దసరాలకు అతడు మరల వచ్చెను. వామనగుంటలను ఫోనులోనికి తెచ్చెనట. ముప్పదిమందికి ఇచ్చెను, ఎనిమిదవనాటికి మిగిలినవారు ముగ్గురు. అందొకతె అతని తల్లియే. ఆ మాట చెప్పుచు నవ్వెను గాని, ఆ యిరువదియేడుగురును ఏ మెట్టువద్ద విడిచిరో ఒక కాగితముమీద వ్రాసికొని తెచ్చెను. ఆ కాగితమును చూడగనే నాకు సంతోషమయ్యెను. తలలు లెక్కించుట మాని, మనుష్యులను లెక్కించుట అతడు నేర్చుకొనుచున్నాడు. ఉద్యోగ మున్నది. పొలమున ఈ కార్తెకు వరి పొట్టమీద నున్నది.